మైగ్రేషన్ సగంలో ఆగితే ఏ టూల్ ఆదుకుంటుంది?

ఒక రాత్రి డిప్లాయ్‌మెంట్‌లో మా మైగ్రేషన్ స్క్రిప్టులో, అంటే డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్టులో, ఉన్నవి మూడే మూడు ఆల్టర్ స్టేట్‌మెంట్లు (టేబుల్ రూపాన్ని మార్చే ఆదేశాలు). మొదటిది ఆర్డర్స్ టేబుల్‌కి కొత్త కాలమ్ చేర్చింది. రెండోది యూనిక్ ఇండెక్స్. పాత డేటాలో ఒకే రిఫరెన్స్ నంబరు రెండు రికార్డుల్లో ఉండటంతో 'డూప్లికేట్ ఎంట్రీ' అంటూ అక్కడే ఆగిపోయింది. మూడోది మొదలే కాలేదు. డూప్లికేట్లు తీసేసి మళ్లీ రన్ చేశాం. ఈసారి మొదటి లైన్‌లోనే 'డూప్లికేట్ కాలమ్ నేమ్' అని వచ్చింది. ఆ కాలమ్‌ని చేత్తో డ్రాప్ చేయాలా, లేక మిగతా రెండు స్టేట్‌మెంట్లూ చేత్తో రన్ చేసి, మైగ్రేషన్ అయిపోయినట్టు, ఏవేవి రన్ అయ్యాయో టూల్ రాసుకునే హిస్టరీ టేబుల్‌లో రాసేయాలా? నలుగురం గంటసేపు కూర్చున్నా తేల్చుకోలేకపోయాం. అప్పటిదాకా సైట్ ఆగే ఉంది.

అప్పటినుంచి డేటాబేస్ మార్పుల టూల్ గురించి ఎవరు అడిగినా నేను ముందు చూసేది ఒక్కటే: మైగ్రేషన్ సగంలో ఆగినప్పుడు ఆ టూల్ డేటాబేస్‌ని ఏ స్థితిలో వదిలేస్తుంది, బయటపడటానికి మనకి ఏం ఇస్తుంది? అంతా సవ్యంగా సాగేటప్పుడు ఫ్లైవే, లిక్విబేస్, పైథాన్ వాళ్లు వాడే అలెంబిక్, జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) మైగ్రేషన్లు అన్నీ బాగానే ఉంటాయి. తేడా తెలిసేది చెడినప్పుడే. ఈ పోలిక అంతా ఆ కోణంలోనే రాస్తున్నాను.

టూల్ కంటే ముందు డేటాబేస్

పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ క్రియేట్ టేబుల్, ఆల్టర్ టేబుల్ లాంటివి ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్న కట్ట) లోపల నడుస్తాయి. మూడింటిలో రెండోది ఫెయిలైతే మొదటిది కూడా రోల్‌బ్యాక్ అయిపోతుంది. డేటాబేస్ మునుపటి స్థితికే వస్తుంది, స్క్రిప్టు సరిచేసుకుని మళ్లీ రన్ చేస్తే సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ అలా కాదు. అక్కడ ప్రతి డీడీఎల్ (టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే) స్టేట్‌మెంటూ తనంతట తానే కమిట్ అయిపోతుంది, అంటే ఖాయమైపోతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో 'అటామిక్ డీడీఎల్' వచ్చిందిగా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది ఒక్కో స్టేట్‌మెంట్‌కి మాత్రమే వర్తిస్తుంది. మూడు స్టేట్‌మెంట్లనీ కలిపి ఒకే ముక్కగా అది కాపాడదు. ఆ రాత్రి మేం దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

అందుకని మీది మైఎస్‌క్యూఎల్ అయితే, ఏ టూల్ తీసుకున్నా సరే, ఒక మైగ్రేషన్ ఫైల్‌లో ఒకే డీడీఎల్ స్టేట్‌మెంట్ ఉంచండి. ఫైళ్లు పెరుగుతాయి, చూడ్డానికి చికాకుగా ఉంటుంది. కానీ ఫెయిలైనప్పుడు 'ఎంతవరకు అయింది?' అన్న ప్రశ్నే ఉండదు. ఈ ఒక్క అలవాటు చేసే మేలు చాలా టూళ్ల ఖరీదైన ఎడిషన్లు కూడా చేయలేవని నా నమ్మకం.

ఫ్లైవే, లిక్విబేస్: రెండు స్వభావాలు

ఎక్కువమంది ఆగిపోయేది ఈ రెండింటి మధ్యే. లిక్విబేస్ 2006 నుంచి ఉంది, ఫ్లైవే 2010లో వచ్చింది. 2019లో ఫ్లైవేని రెడ్‌గేట్ కొనుక్కుంది.

ఫ్లైవేలో ప్రతి మార్పూ వెర్షన్ నంబరు ఉన్న ఒక ఎస్‌క్యూఎల్ ఫైల్. రన్ అయిన ఫైళ్ల పేర్లు, చెక్‌సమ్‌లు (ఫైల్‌లో ఏదైనా మారితే పట్టించే సంఖ్యలు), సక్సెస్ అయ్యిందా లేదా అన్నది 'ఫ్లైవే స్కీమా హిస్టరీ' టేబుల్‌లో ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ మీద ఒక మైగ్రేషన్ ఫెయిలైతే ఆ టేబుల్‌లో దాని వరస (రో) ఫెయిల్ అని నమోదవుతుంది. తర్వాత ఎన్నిసార్లు రన్ చేసినా 'ఫెయిలైన మైగ్రేషన్ ఉంది' అని మొండికేస్తుంది. మొదట్లో విసుగొస్తుంది కానీ నాకు నచ్చేది ఆ మొండితనమే. సగం మారిన డేటాబేస్ మీద గుడ్డిగా ముందుకెళ్లదు. మీరు సగంలో మిగిలినదాన్ని చేత్తో శుభ్రం చేసి 'రిపేర్' కమాండ్ ఇస్తే ఆ ఫెయిల్ నమోదు తీసేస్తుంది, ఆ తర్వాతే మళ్లీ మైగ్రేట్ చేయనిస్తుంది. పోస్ట్‌గ్రెస్ మీదైతే అంతా రోల్‌బ్యాక్ అవుతుంది కాబట్టి ఫెయిల్ నమోదు కూడా మిగలదు.

లిక్విబేస్ దారి వేరు. అందులో మార్పు యూనిట్ 'చేంజ్‌సెట్'. ఎక్స్‌ఎంఎల్, యామ్ల్, జేసన్, ఎస్‌క్యూఎల్ దేనిలోనైనా రాసుకోవచ్చు. చేంజ్‌సెట్ ఫెయిలైతే 'డేటాబేస్ చేంజ్‌లాగ్' టేబుల్‌లో ఏమీ రాయదు. మళ్లీ రన్ చేస్తే అదే చేంజ్‌సెట్‌ని మొదటినుంచి ఎత్తుకుంటుంది. చేంజ్‌సెట్‌లో ఒకే మార్పు ఉంటే ఇది చక్కటి పద్ధతి. మైఎస్‌క్యూఎల్ మీద ఒకే చేంజ్‌సెట్‌లో నాలుగు మార్పులు పెట్టారంటే మాత్రం 'కాలమ్ ఇప్పటికే ఉంది' అన్న ఎర్రర్‌ని మీరే పిలిచి కూర్చోబెట్టుకున్నట్టు. దానికి మందుగా ప్రీకండిషన్లు ఉన్నాయి: కాలమ్ ఇప్పటికే ఉంటే ఈ చేంజ్‌సెట్ రన్ అయినట్టు గుర్తుపెట్టి ముందుకెళ్లు అని చెప్పొచ్చు. ఫ్లైవేలో ఇంత నేరుగా చెప్పే వీలు లేదు, ఎస్‌క్యూఎల్‌లోనే ఏదో తంటాలు పడాలి.

లిక్విబేస్‌తో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు లాక్ (ఒకేసారి రెండు మైగ్రేషన్లు నడవకుండా వేసే తాళం) గురించి. లాగ్‌లో 'వెయిటింగ్ ఫర్ చేంజ్‌లాగ్ లాక్' అని అదే లైను పదేపదే పడుతుంటుంది, డిఫాల్ట్‌గా 5 నిమిషాలు చూసి చేతులెత్తేస్తుంది. లాక్‌ని అది ఒక మామూలు టేబుల్‌లో ఒక వరస (రో) కింద రాస్తుంది. మైగ్రేషన్ నడుస్తుండగా ప్రాసెస్ చచ్చిపోతే ఆ వరస అలాగే మిగిలిపోతుంది. అప్లికేషన్లని పాడ్‌లనే చిన్న యూనిట్లుగా నడిపే కుబర్నెటీస్‌లో ఇది మరీ ఎక్కువ. అప్లికేషన్ స్టార్ట్ అయ్యేటప్పుడే మైగ్రేషన్ నడుస్తుంటుంది, అది కాస్త ఆలస్యమైతే, పాడ్ బతికుందో లేదో చూసే లైవ్‌నెస్ ప్రోబ్ 'ఈ పాడ్ పలకడం లేదు' అనుకుని చంపేస్తుంది. తర్వాత లేచిన ప్రతి పాడూ ఆ లాక్ ముందే నిలబడుతుంది. 'రిలీజ్ లాక్స్' కమాండ్‌తో తీసేయొచ్చు. తీసేముందు లాక్ టేబుల్ తెరిచి ఎవరు పట్టుకున్నారు, ఎప్పుడు పట్టుకున్నారు అన్న రెండు కాలమ్‌లు చూడండి. ఆ హోస్ట్ నిజంగా చచ్చిందని తేలాకే తీయండి. బతికున్న మైగ్రేషన్ చేతిలోంచి లాక్ లాగేస్తే రెండు మైగ్రేషన్లు ఒకదానిమీద ఒకటి పడతాయి.

ఫ్లైవే పోస్ట్‌గ్రెస్‌లో అడ్వైజరీ లాక్ వాడుతుంది. కనెక్షన్ తెగితే లాక్ దానంతటదే పోతుంది కాబట్టి పై సమస్య రాదు. దానికి బదులు ఇంకొకటి ఉంది. 'క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ' (టేబుల్‌లో రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే ఆదేశం) ఉన్న మైగ్రేషన్ ఎర్రర్ ఏదీ ఇవ్వకుండా గంటల తరబడి అలా వేలాడుతుంది. ఫ్లైవే తన లాక్‌ని ఒక ట్రాన్సాక్షన్‌లో తెరిచి ఉంచుతుంది. కంకరెంట్ ఇండెక్స్ ఏమో పాత ట్రాన్సాక్షన్లన్నీ ముగిసేదాకా ఎదురుచూస్తుంది. ఒకదానికోసం ఒకటి. ఫ్లైవే పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లో 'ట్రాన్సాక్షనల్ లాక్' అనేదాన్ని ఫాల్స్ చేస్తే విడిపోతుంది. మధ్యలో చంపేసి ఉంటే ఇన్వాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలి ఉంటుంది. పీజీ ఇండెక్స్ కేటలాగ్‌లో చూసి దాన్ని డ్రాప్ చేశాకే మళ్లీ మొదలుపెట్టండి.

ఏ టూల్ వాడినా మైగ్రేషన్‌ని అప్లికేషన్ స్టార్టప్ నుంచి విడదీసి, వేరే జాబ్‌గా ముందు నడపమంటాను. చిన్న టీమ్‌కి అవసరమా అంటారు. చిన్న టీమ్‌కే ఎక్కువ అవసరం, ఎందుకంటే రాత్రిపూట లేచి చూసే మనుషులు తక్కువ.

చెక్‌సమ్ మిస్‌మ్యాచ్

దీనిమీద కాస్త ఆగుతాను. ప్రొడక్షన్‌లో ఎప్పుడో రన్ అయిన ఫైల్‌లో ఎవరో కామెంట్ సరిచేశారు, లేదా ఎడిటర్ లైన్ చివర స్పేస్‌లు తీసేసింది. తర్వాతి డిప్లాయ్‌మెంట్‌లో ఫ్లైవే 'చెక్‌సమ్ మిస్‌మ్యాచ్' అని ఆపేస్తుంది. చాలామంది వెంటనే రిపేర్ కొడతారు, ఎర్రర్ పోతుంది, హమ్మయ్య అనుకుంటారు. రిపేర్ నిజానికి చేసేదేమిటంటే ఫైల్‌లో ఇప్పుడున్న చెక్‌సమ్‌ని తీసుకెళ్లి హిస్టరీ టేబుల్‌లో రాయడం. ఫైల్‌ని రన్ చేయదు. మారింది కామెంట్ మాత్రమే అయితే ఫర్వాలేదు. కాలమ్ సైజు 50 నుంచి 100కి మార్చి ఉంటే? కొత్తగా కట్టే టెస్ట్ డేటాబేస్‌లో 100, ప్రొడక్షన్‌లో 50. రెండూ ఒకే వెర్షన్ అని టూల్ ఘంటాపథంగా చెబుతుంది. ఈ తేడా ఆరు నెలల తర్వాత ఎవరి డేటానో తిరస్కరించినప్పుడు గానీ బయటపడదు.

కాబట్టి ముందు గిట్‌లో ఆ ఫైల్ చరిత్ర తీయండి. డిఫ్‌లో ఏం మారిందో కళ్లారా చూడండి. ఎస్‌క్యూఎల్ మారితే ఫైల్‌ని పాత రూపానికి తెచ్చి, ఆ మార్పుని కొత్త వెర్షన్‌గా రాయండి. మారినది కామెంటో స్పేసో అని తేలితేనే రిపేర్. లిక్విబేస్‌లో 'క్లియర్ చెక్‌సమ్స్' ఇంకా ప్రమాదం, ఒక్కదాని కోసం అన్ని చెక్‌సమ్‌లూ చెరిపేస్తుంది. అక్కడ ఆ ఒక్క చేంజ్‌సెట్‌కే 'వాలిడ్ చెక్‌సమ్' పెట్టుకోవడం మేలు.

లిక్విబేస్‌లో ఇంకో చిక్కు ఉంది. చేంజ్‌సెట్ గుర్తింపు ఐడీ, ఆథర్, ఫైల్ పాత్ మూడూ కలిస్తేనే. ఫోల్డర్ పేరు మార్చినా, ల్యాప్‌టాప్‌లో ఒక డైరెక్టరీ నుంచి, పైప్‌లైన్‌లో వేరే డైరెక్టరీ నుంచి రన్ చేసినా పాత్ మారిపోతుంది. లిక్విబేస్ కళ్లకి అవన్నీ కొత్త చేంజ్‌సెట్లే. మొదటి టేబుల్ దగ్గరే 'టేబుల్ ఇప్పటికే ఉంది' అని పడిపోతుంది. ప్రాజెక్టు మొదటి రోజే 'లాజికల్ ఫైల్ పాత్' పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఫ్రేమ్‌వర్క్‌తో పాటు వచ్చేవి

అప్లికేషన్ మొత్తం జాంగోలోనే ఉంటే జాంగో మైగ్రేషన్లు వదిలి ఇంకోటి వెతుక్కోవడంలో అర్థం లేదు. 2014లో జాంగో 1.7తో అవి ఫ్రేమ్‌వర్క్‌లో భాగమయ్యాయి, ఇన్నేళ్లలో బాగా రాటుదేలాయి. ఇద్దరు రెండు బ్రాంచుల్లో మైగ్రేషన్లు రాసి మెర్జ్ చేస్తే 'కాన్‌ఫ్లిక్టింగ్ మైగ్రేషన్స్' అని చెబుతుంది, మెర్జ్ ఆప్షన్‌తో రెండు కొసల్నీ కలిపే ఫైల్ ఒకటి తయారుచేసిస్తుంది. అలెంబిక్‌లో ఇదే సమస్య పేరు 'మల్టిపుల్ హెడ్స్', అక్కడా మెర్జ్ కమాండ్ ఉంది. మెర్జ్ ఫైల్ రావడంతోనే పని అయిపోయిందనుకోకండి. రెండు బ్రాంచులూ ఒకే కాలమ్‌ని ముట్టుకున్నాయేమో మనిషే చూడాలి.

ఫ్లైవేలో ఇదే గొడవ వేరే రూపంలో వస్తుంది. ఇద్దరూ 42వ వెర్షన్ రాస్తే 'ఒకే వెర్షన్‌తో రెండు మైగ్రేషన్లు' అని ఆగుతుంది. ఒకరు 41, ఇంకొకరు 42 రాసి, 42 ముందే ప్రొడక్షన్‌కి వెళ్లిపోతే, తర్వాత వచ్చిన 41ని చూసి వాలిడేషన్ ఒప్పుకోదు. నంబర్ల బదులు టైమ్‌స్టాంప్‌లు వాడితే మొదటిది పోతుంది. రెండోదానికి 'అవుట్ ఆఫ్ ఆర్డర్' సెట్టింగ్ ఉంది గానీ, ప్రతి బ్రాంచ్ మెర్జ్ అయ్యాక ఖాళీ డేటాబేస్ మీద మొదటినుంచి అన్నీ నడిపి చూసే పైప్‌లైన్ మీకుంటేనే దాన్ని ఆన్ చేయండి.

ఆటో జనరేషన్ మీద అతి నమ్మకం వద్దు. కాలమ్ పేరు 'ఫోన్' నుంచి 'మొబైల్'గా మార్చి అలెంబిక్‌ని స్క్రిప్టు రాయమంటే 'మొబైల్' చేర్చు, 'ఫోన్' డ్రాప్ చెయ్యి అని రాస్తుంది. పేరు మార్పుని అది పసిగట్టలేదు. చూడకుండా రన్ చేస్తే అందరి నంబర్లూ పోతాయి. జాంగో ఇక్కడ కొంత నయం, పేరు మార్చారా అని అడుగుతుంది. అడిగినప్పుడు తొందరలో 'నో' కొట్టేవాళ్లనీ చూశాను. అది ఏ ఎస్‌క్యూఎల్ నడపబోతోందో ముందే చూపించే కమాండ్ రెండింటిలోనూ ఉంది. ఆ ఎస్‌క్యూఎల్ కోడ్ రివ్యూలో కనిపించాలి. జాంగో, అలెంబిక్, రైల్స్ (రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్) మూడింటిలోనూ చెక్‌సమ్ లేదన్నది గుర్తుంచుకోండి. రన్ అయిపోయిన ఫైల్‌ని ఎవరు మార్చినా టూల్ కిమ్మనదు. రివ్యూ చేసేవాళ్లే కాపలా.

ఒకే డేటాబేస్‌ని జావా సర్వీస్ ఒకటి, పైథాన్ సర్వీస్ ఒకటి పంచుకుంటుంటే ఫ్రేమ్‌వర్క్ టూల్ జోలికి వెళ్లకండి. ఆ స్కీమాకి (డేటాబేస్ నిర్మాణానికి) విడిగా ఒక రిపో (కోడ్ ఉంచే చోటు), ఫ్లైవే లాంటి తటస్థమైన టూల్, ఒక యజమాని ఉండాలి.

గో ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడే గోలాంగ్ మైగ్రేట్‌లో సగంలో ఆగితే 'డర్టీ' అన్న జెండా ఎగరేసి నిలబడుతుంది. 'ఫోర్స్' కమాండ్ ఆ జెండాని దించి వెర్షన్ నంబరు రాస్తుంది, అంతే. స్కీమాని శుభ్రం చేయదు. ఈ సంగతి తెలియక ఫోర్స్ చేసినవాళ్లకే తర్వాత ఇబ్బంది. స్కిచ్ అనే ఇంకో టూల్‌లో ప్రతి మార్పుకీ డిప్లాయ్, రివర్ట్, వెరిఫై అని మూడు స్క్రిప్టులు రాయాలి. డేటాబేస్ ఇంజినీర్లే స్కీమా నడిపే చోట వెరిఫై స్క్రిప్టు బంగారం. అప్లికేషన్ డెవలపర్లు మాత్రం మూడూ ఓపిగ్గా రాయరని నా అనుభవం.

డిక్లరేటివ్ టూళ్లు

అట్లాస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వైపు డాక్‌పాక్ ఇంకో ఆలోచన. స్కీమా చివరికి ఎలా ఉండాలో మీరు రాస్తారు, ఇప్పుడున్నదానికీ దానికీ తేడా లెక్కగట్టి స్క్రిప్టు అదే తయారుచేస్తుంది. ఎవరైనా ప్రొడక్షన్‌లో చేత్తో ఇండెక్స్ పెట్టి చెప్పకపోతే ఆ డ్రిఫ్ట్‌ని పట్టుకోవడంలో ఇవే మేటి. పేరు మార్పు దగ్గర వీటికీ అలెంబిక్ జబ్బే ఉంది. డాక్‌పాక్‌లో దానికి రీఫ్యాక్టర్ లాగ్ ఉంది, విజువల్ స్టూడియోలో రీనేమ్ ఆప్షన్‌తో మారిస్తేనే అందులో నమోదవుతుంది. డేటా పోయే మార్పుని ఆపే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. డిప్లాయ్‌మెంట్ ముందుకెళ్లడం లేదని దాన్ని ఆఫ్ చేసిన పైప్‌లైన్ మీకు కనిపిస్తే, ముందు ఆ పని చక్కబెట్టండి.

ఏ టూలూ కాపాడని చోటు

పోస్ట్‌గ్రెస్‌లో ఒక రిపోర్ట్ క్వెరీ పది నిమిషాలుగా నడుస్తోందనుకోండి. మీ ఆల్టర్ టేబుల్ దాని వెనక నిలబడుతుంది. ఆల్టర్ వెనక వచ్చిన ప్రతి చిన్న సెలెక్ట్ కూడా క్యూలో చేరుతుంది. మిల్లీసెకన్ల మార్పుకి సైట్ మొత్తం ఆగిపోతుంది, నింద మైగ్రేషన్ టూల్ మీద పడుతుంది. మైగ్రేషన్ మొదట్లో లాక్ టైమౌట్‌ని కొద్ది సెకన్లకి సెట్ చేయండి. లాక్ దొరక్కపోతే వెంటనే ఫెయిలవుతుంది, కాసేపాగి మీరు మళ్లీ ప్రయత్నించొచ్చు. ఎవరు అడ్డున్నారో పీజీ బ్లాకింగ్ పిడ్స్ ఫంక్షన్ చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇదే 'వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్' అని ప్రాసెస్ లిస్ట్‌లో కనిపిస్తుంది.

పెద్ద టేబుల్ అనగానే, సైట్ ఆపకుండా టేబుల్ మార్చే ఆన్‌లైన్ టూళ్ల వైపు పరుగెత్తే ముందు మీ డేటాబేస్ వెర్షన్ చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి మారని డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చినా టేబుల్ మొత్తం తిరగరాయదు. మైఎస్‌క్యూఎల్ 8.0.12 నుంచి కాలమ్ చివర చేర్చడం, 8.0.29 నుంచి ఎక్కడ చేర్చినా, తక్షణం అయ్యే వీలుంది. అంతకుమించిన మార్పులకి మైఎస్‌క్యూఎల్‌లో గోస్ట్, పెర్కోనా వారి పీటీ ఆన్‌లైన్ స్కీమా చేంజ్ ఉన్నాయి. రెండూ నీడ టేబుల్ కట్టి వరసల్ని కొంచెం కొంచెంగా కాపీ చేస్తాయి. ఆలోపు వచ్చే మార్పుల్ని పెర్కోనా టూల్ ట్రిగ్గర్లతో (మార్పు పడగానే దానంతటదే నడిచే కోడ్‌తో), గోస్ట్ బిన్‌లాగ్ (మైఎస్‌క్యూఎల్ రాసుకునే మార్పుల చిట్టా) చదివి పట్టుకుంటాయి. ఫారిన్ కీలు (వేరే టేబుల్‌తో ముడిపెట్టే లింకులు) ఉన్న టేబుళ్లకి గోస్ట్ పనికిరాదు. రాతలు ఎక్కువ పడే టేబుల్ మీద ట్రిగ్గర్ల భారం వద్దనుకుంటే గోస్టే నయం.

నేనైతే ఏది తీసుకుంటాను

పోస్ట్‌గ్రెస్, జావా, ఎస్‌క్యూఎల్ బాగా రాసే టీమ్ అయితే ఫ్లైవే, రెండో ఆలోచన లేకుండా. ఒకే ప్రాడక్ట్‌ని ఒరాకిల్ ఉన్న కస్టమర్‌కీ, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉన్న కస్టమర్‌కీ ఇవ్వాలంటే లిక్విబేస్. మార్పుని ఒకసారి రాస్తే ఏ డేటాబేస్‌కి తగ్గ ఎస్‌క్యూఎల్ దానికి అది తయారుచేస్తుంది. జాంగో, రైల్స్ ఉంటే వాటి సొంతవే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కటే వాడే చోట, స్టోర్డ్ ప్రొసీజర్లు వందల్లో ఉంటే డాక్‌పాక్.

రోల్‌బ్యాక్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మాత్రం ఎంచుకోకండి. క్రియేట్ టేబుల్‌కి లిక్విబేస్ తనంతట తానే రోల్‌బ్యాక్ ఇస్తుంది, నిజమే. డ్రాప్ టేబుల్‌కి ఇవ్వలేదు, ఇవ్వగలిగినా అందులో డేటా తిరిగిరాదు. నేను ప్రొడక్షన్‌లో వెనక్కి వెళ్లడం మానేశాను. కొత్త కాలమ్ చేర్చి, పాతా కొత్తా రెండింటిలోనూ రాయించి, పాత డేటా నింపి, చదవడం కొత్తదానికి మార్చి, వారాల తర్వాతే పాతది తీస్తాను. ఏ దశలో చెడినా పాత కోడ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

తేల్చుకునే ముందు రెండు టూళ్లనీ ఒక పూట కూర్చుని కావాలని చెడగొట్టి చూడండి. ప్రొడక్షన్ కాపీ మీద, లేదా దాదాపు అంత డేటా ఉన్నదాని మీద. రెండో స్టేట్‌మెంట్ ఫెయిలయ్యే స్క్రిప్టు ఒకటి నడపండి. రన్ అయిన ఫైల్‌లో ఒక అక్షరం మార్చి మళ్లీ నడపండి. రెండు బ్రాంచుల్లో ఒకే టేబుల్‌ని మార్చి మెర్జ్ చేయండి. పెద్ద ఇండెక్స్ కడుతుండగా ప్రాసెస్‌ని కిల్ చేయండి. ప్రతిసారీ లాగ్‌లో పడ్డ ఎర్రర్‌ని, మళ్లీ మామూలు స్థితికి తెచ్చిన కమాండ్లని వరసగా రాసిపెట్టండి. టీమ్‌లో ఈ టూల్ ఎన్నడూ ముట్టుకోని ఒకరికి ఆ కాగితం ఇచ్చి, చెడిన డేటాబేస్‌ని బాగుచేయమనండి. ఏ టూల్ కాగితంతో వాళ్లు మిమ్మల్ని పిలవకుండా పని పూర్తిచేశారో అదే తీసుకోండి, ఆ కాగితాన్ని మైగ్రేషన్ ఫైళ్ల పక్కనే రిపోలో పెట్టండి.